భూతద్దం కంప్యూటర్‌ని ఓడించిన రోజులు

ఈ మధ్య మీలో చాలామంది ఒకే రకం వీడియోలు నాకు ఫార్వర్డ్ చేస్తున్నారు. "కరెంటు చిప్పుల పని అయిపోయింది, ఇక కాంతితో నడిచే చిప్పులే, వెయ్యి రెట్లు స్పీడు" అని. థంబ్‌నెయిల్ మీద నీలం లేజర్లు, పైన పెద్ద ఎర్ర బాణం. ఈసీఈ చదువుతున్న ఒక తమ్ముడైతే "మరి మా బ్రాంచి గతేంటన్నా?" అని అడిగాడు.

జవాబు చెప్తాను. కానీ ముందు ఒక పాత కథ చెప్పాలి. ఎందుకంటే కాంతితో లెక్కలు చేయడం కొత్త సంగతి కాదు. అరవై ఏళ్ల పైమాటే. అప్పట్లో అది నిజంగానే కంప్యూటర్‌ని ఓడించింది. దాదాపు ఇరవై ఏళ్లపాటు ఓడిస్తూనే ఉంది. ఆ తర్వాత తను ఓడిపోయింది. ఎందుకు గెలిచింది, ఎందుకు ఓడింది అన్నది తెలిస్తే ఇప్పటి వీడియోల్లో ఏది నిజమో, ఏది బాణం గుర్తో మీకే అర్థమవుతుంది.

1950లకి వెళ్దాం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం. విల్లో రన్ అని ఒక విమానాశ్రయం. రెండో ప్రపంచయుద్ధంలో ఫోర్డ్ కంపెనీ బీ-24 బాంబర్లు తయారుచేసిన చోటు అది. యుద్ధం అయిపోయాక మిషిగన్ యూనివర్సిటీ అక్కడ పరిశోధనశాలలు పెట్టింది. డబ్బులిచ్చింది సైన్యం. సైన్యానికి కావాల్సింది ఒక్కటే. చిమ్మచీకటైనా, ఆకాశం నిండా మబ్బు పట్టినా, విమానంలోంచి కింద నేల ఫొటో తీసినట్టు కనపడాలి.

చీకట్లో, మబ్బుల్లో చూడగలిగేది రాడార్. దాంతో ఒక చిక్కుంది. రాడార్ తరంగాలు కాంతి తరంగాల కంటే చాలా పొడుగు, సెంటీమీటర్ల లెక్కలో ఉంటాయి. తరంగం పొడుగైనకొద్దీ చిత్రం అలుక్కుపోతుంది. ఆ మసక పోవాలంటే యాంటెన్నా పొడవు పెంచాలి. ఎంత పెంచాలి? తరంగం 3 సెంటీమీటర్లు, నేల 10 కిలోమీటర్ల దూరం, విడిగా కనపడాల్సినవి 3 మీటర్ల వస్తువులు అనుకోండి. యాంటెన్నా 100 మీటర్లుండాలి. అంత పొడుగు యాంటెన్నా మోసే విమానం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

దీనికి 1951లో కార్ల్ వైలీ అనే ఇంజనీరు ఒక ఉపాయం చెప్పాడు. ఆయన పనిచేసింది గుడ్‌ఇయర్ విమానాల కంపెనీలో. అవును, టైర్ల గుడ్‌ఇయర్ వాళ్లదే. ఉపాయం ఏమిటంటే, యాంటెన్నా చిన్నదైనా విమానం ముందుకి పోతూనే ఉంటుంది కదా. దారి పొడుగునా వచ్చిన ప్రతిధ్వనులన్నీ వరసగా రాసిపెట్టుకుని, కిందకి దిగాక వాటిని సరిగ్గా కలిపితే, ఆ వంద మీటర్ల దారంతా కలిసి ఒకే పెద్ద యాంటెన్నా అయిపోతుంది. సింథటిక్ ఎపర్చర్ రాడార్ అనేది దీన్నే. పొట్టిగా సార్ అంటారు.

"సరిగ్గా కలిపితే" అన్నాను చూశారా, అసలు కష్టమంతా ఆ మాటలోనే ఉంది. నేల మీద ఒక్కో చుక్క తాలూకు ప్రతిధ్వని వందల పల్సుల్లో చెదిరిపోయి ఉంటుంది. చిత్రంలో పది లక్షల చుక్కలున్నాయనీ, ఒక్కో చుక్కకి వెయ్యి ప్రతిధ్వనులు కలపాలనీ అనుకుందాం. వంద కోట్ల గుణకారాలు, వంద కోట్ల కూడికలు. ఆ రోజుల్లో శాస్త్రవేత్తల దగ్గరున్న గొప్ప కంప్యూటర్ ఐబీఎం 704. సెకనుకి 12,000 కూడికలు చేస్తుంది. అంటే ఒక్క చిత్రానికి, ఒట్టి కూడికలకే, దాదాపు 23 గంటలు. పైగా మెమరీ ఎంత ఎక్కువ పెట్టించినా 32 వేల చిల్లర సంఖ్యలే పట్టేవి. లక్షల ప్రతిధ్వనుల్ని ఎక్కడ పెట్టుకోవాలి? ఈ రోజు మీ చేతిలో ఫోన్ దానికంటే కోట్ల రెట్లు వేగం. కానీ ఈ రోజు సంగతి కాదు కదా మనం చెప్పుకుంటున్నది.

విల్లో రన్‌లో లూయిస్ కట్రోనా, ఎమ్మెట్ లీత్, ఇంకొందరు ఉన్న బృందం ఆ కంప్యూటర్ జోలికే పోలేదు. వచ్చిన ప్రతిధ్వనుల్ని పాత టీవీల్లో ఉండే గాజు ట్యూబు లాంటి తెర మీద గీతలుగా వెలిగించారు. దాని ముందు ఫొటో ఫిల్ము నెమ్మదిగా కదులుతూ ఆ గీతల్ని పట్టుకుంటుంది. విమానం ఎగిరినంతసేపూ ఫిల్ము నిండుతూనే ఉంటుంది. దిగాక కడిగి చూస్తే? నేల గీల ఏమీ కనపడదు. బూడిదరంగు చారలు, అంతే.

ఆ చారల్లోనే మజా అంతా ఉంది. అంబులెన్స్ మీ వైపు వస్తుంటే సైరన్ సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా, డాప్లర్ ప్రభావం అని చదువుకున్నాం. విమానం నేల మీద ఒక చుక్కని దాటుతున్నప్పుడు రాడార్ ప్రతిధ్వనికీ అదే జరుగుతుంది. ఫిల్ము మీద అది ఎలా పడుతుందంటే, మధ్యలో వెడల్పు చారలు, రెండు చివర్లకి పోయేకొద్దీ సన్నగా, దగ్గరదగ్గరగా. ఇప్పుడు ఈ ఫిల్ము గుండా కాంతి పంపండి. సన్న చారల దగ్గర కాంతి ఎక్కువ వంగుతుంది, వెడల్పు చారల దగ్గర తక్కువ వంగుతుంది. అంచుల్లోది ఎక్కువ, మధ్యలోది తక్కువ వంగితే ఏమవుతుంది? అంతా వెళ్లి ఒకచోట కలుస్తుంది. భూతద్దం చేసే పని అదే కదా!

అంటే నేల మీద ఉన్న ప్రతి చుక్కా ఫిల్ము మీద తన భూతద్దాన్ని తనే గీసుకుంది. లక్షల చుక్కలు, ఒకదాని మీద ఒకటి పడిన లక్షల భూతద్దాలు. కాంతి ఒక్కసారి అందులోంచి దాటగానే ఎవరి చుక్క వాళ్లకి, ఎవరి చోటు వాళ్లకి. వంద కోట్ల లెక్క ఎవరూ కట్టలేదు. దానంతటదే అయిపోయింది. నాకైతే ఇంజనీరింగ్ చరిత్రలో ఇంతకంటే అందమైన సంగతులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే కనిపిస్తాయి.

చిన్న చిక్కు మిగిలింది. విమానానికి దూరంగా ఉన్న చుక్కల చారలు సాగి ఉంటాయి, కాబట్టి అవి వేరే దూరంలో ఫోకస్ అవుతాయి. అన్నీ ఒకే ఫిల్ము మీద పడాలి కదా. దీనికోసం శంకువు ఆకారంలో ఒక గాజు లెన్స్ పెట్టారు. పైనుంచి కిందకి పోయేకొద్దీ దాని బలం మారుతూ ఉంటుంది, దూరం తేడాకి అది సరిపోతుంది. 1957 ఆగస్టులో ఈ పద్ధతిలో పదునైన రాడార్ చిత్రం వచ్చింది. అప్పటికి లేజర్ పుట్టనే లేదు. థియోడర్ మైమన్ మొదటి లేజర్ వెలిగించింది 1960 మే నెలలో. వీళ్లు వాడింది పాదరసపు దీపం, దాని ముందు సూదిబెజ్జం లాంటి రంధ్రం.

ఇది రాడార్‌కి మాత్రమే కుదిరిన అదృష్టమా అంటే కాదు. ఇంట్లో పలుచటి చున్నీయో, గొడుగు గుడ్డో ఉంటే తీసుకోండి. రాత్రి కంటికి అడ్డం పెట్టుకుని, దూరంగా ఒంటరిగా ఉన్న వీధిదీపాన్ని చూడండి. ఒక్క దీపం బదులు ప్లస్ గుర్తులా పరుచుకున్న దీపాల చుక్కలు కనపడతాయి. నేత ఎంత సన్నగా ఉంటే చుక్కలు అంత ఎడంగా ఉంటాయి. గుడ్డని పక్కకి జరిపితే చుక్కలు కదలవు, తిప్పితే మాత్రం తిరుగుతాయి. అంటే గుడ్డ ఎక్కడుందో కాదు, దాని నేతలో ఎన్ని పోగులు ఏ దిక్కున ఉన్నాయో ఆ లెక్క మీకు కనపడుతోందన్నమాట. బీటెక్ వాళ్లని వణికించే ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ ఇదే. చేసింది మీ కంట్లోని లెన్స్. 1873లోనే జర్మనీలోని యేనాలో, జైస్ కంపెనీకి మైక్రోస్కోపులు తయారుచేయించిన ఎర్న్‌స్ట్ అబ్బే, లెన్స్ బొమ్మని ఇలా విడగొట్టి మళ్లీ కలుపుతుందని చెప్పాడు. కాకపోతే దాన్ని "లెక్క" అని ఎవరూ అనుకోలేదు.

లీత్‌కి ఇక్కడ ఇంకో సంగతి తట్టింది. తరంగాన్ని ఫిల్ము మీద పట్టేసి, తర్వాత కాంతితో మళ్లీ లేపొచ్చని. నేనే మొదట కనిపెట్టానని అనుకున్నాడు. పాత పేపర్లు తిరగేస్తే డెనిస్ గాబర్ అనే ఆయన 1948లోనే రాసేశాడు! అయినా లీత్ ఆగలేదు. రాడార్ పని రహస్యం కాబట్టి బయటికి చెప్పకూడదు, కానీ అదే గణితాన్ని మామూలు వస్తువుల మీద వాడొచ్చు. యూరిస్ ఉపాత్నిక్స్‌తో కలిసి 1964లో బొమ్మ రైలు హోలోగ్రామ్ చూపించాడు. వాషింగ్టన్‌లో సమావేశానికి వచ్చిన శాస్త్రవేత్తలు దాన్ని చూడ్డానికి హోటల్ వరండాలో క్యూ కట్టారు. కాంతి కంప్యూటర్‌కి అది స్వర్ణయుగం. ఉపగ్రహ చిత్రాల్లో ట్యాంకుల్ని వెతకడం, అక్షరాలు గుర్తుపట్టడం, అన్నీ లెన్సులే చేసేస్తాయని నమ్మారు.

మరి ఓడిపోయింది ఎక్కడ?

మరుసటి ఏడాదే, 1965లో, జేమ్స్ కూలీ, జాన్ టూకీ అనే ఇద్దరు ఒక చిన్న పేపర్ రాశారు. ఫూరియర్ లెక్కని తక్కువ మెట్లలో చేసే పద్ధతి. 1024 సంఖ్యల మీద ఆ లెక్క నేరుగా చేస్తే పది లక్షల పైచిలుకు గుణకారాలు. వీళ్ల పద్ధతిలో పది వేల చిల్లర. ఇంటిపేరు కూలీ అయిన మనిషి లెక్కల కూలీ వందో వంతుకి దించేశాడు! ఇదే ఎఫ్ఎఫ్‌టీ. ఆ కిటుకు 1805 ప్రాంతంలోనే గౌస్ నోటుపుస్తకంలో ఉందని తర్వాత తేలింది, అది వేరే కథ.

కానీ ఎఫ్ఎఫ్‌టీ ఒక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను. అసలు కారణం లెక్కలో లేదు, లెక్కకి ముందూ వెనకా ఉంది. లెన్స్ లెక్క చేయడానికి సెకనులో వంద కోట్లో వంతో ఎంతో చాలు. ఆ లెన్స్ ముందుకి ఫిల్ము రావాలంటే? విమానం దిగాలి. ఫిల్ము తీయాలి. చీకటిగదిలో కడగాలి, ఆరబెట్టాలి. ధూళి పడకుండా, వేలిముద్ర పడకుండా యంత్రానికి ఎక్కించాలి. వచ్చిన చిత్రం ఇంకో ఫిల్ము మీద పడుతుంది, దాన్నీ కడగాలి. కాలిక్యులేటర్ దగ్గరుంది కానీ అంకెలు నొక్కడానికి గంట పడుతుందంటే ఏం లాభం చెప్పండి. పైగా గాలి కుదుపుకి విమానం కాస్త ఊగిందనుకోండి, ఆ తేడాని ప్రోగ్రాంలో సరిచేయడం ఒక ఎత్తు, గాజు లెన్స్‌తో సరిచేయడం ఇంకో ఎత్తు. లెన్స్‌కి వచ్చింది ఒకే లెక్క. అది బ్రహ్మాండంగా చేస్తుంది. ఇంకోటి చేయమంటే చేయదు.

1978లో నాసా సీశాట్ అనే ఉపగ్రహం పంపింది. సముద్రాల్ని రాడార్‌తో చూడటానికి. జూన్‌లో ఎగిరి అక్టోబర్‌లో చెడిపోయింది పాపం. దాని డేటాని మొదట్లో చాలావరకు పాత పద్ధతిలోనే, లెన్సులతోనే చిత్రాలు చేశారు. అదే ఏడాది చివర్లో కెనడా కంపెనీ మెక్‌డొనాల్డ్ డెట్‌వైలర్ అదే డేటాతో డిజిటల్ చిత్రం తీసి చూపించింది. ఒక్క చిత్రానికి గంటల తరబడి పట్టింది. వేగంలో లెన్సే గెలిచింది. అయినా జనం డిజిటల్ వైపే వెళ్లారు, ఎందుకంటే గంటలు ప్రతి ఏడాదీ తగ్గుతాయని అందరికీ కనపడుతోంది. ఫిల్ము కడిగే టైము తగ్గదు కదా.

ఆ రాడార్ గణితం మాత్రం ఎక్కడికీ పోలేదు, మన పక్కనే ఉంది. 2012 ఏప్రిల్‌లో శ్రీహరికోట నుంచి వెళ్లిన రీశాట్-1, 2025 జూలైలో అక్కడి నుంచే వెళ్లిన నిసార్, రెండూ ఈ సార్ పద్ధతివే. గోదావరికి వరద వచ్చేది వానాకాలంలో, అంటే మబ్బు ఉన్నప్పుడే. మామూలు కెమెరాకి తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనపడదు. రాడార్‌కి నిలవనీళ్లు నల్లగా కనపడతాయి, ఎందుకంటే నున్నటి నీటి మీద పడ్డ తరంగం వెనక్కి రాకుండా పక్కకి జారిపోతుంది. ఏ ఊళ్లు మునిగాయో చెప్పే మ్యాపులు అలా తయారవుతాయి. షాద్‌నగర్ కేంద్రానికి దిగే ఈ డేటాలో ఫిల్మూ లేదు, శంకువు లెన్సూ లేదు. కార్ల్ వైలీ ఉపాయం ఉంది, డిజిటల్ లెక్క ఉంది. వరద వచ్చినప్పుడు ఫిల్ము ఆరేదాకా కూర్చోలేం కదా.

ఇప్పుడు మీ వీడియోల దగ్గరికి వద్దాం. ఇంటర్లో మాత్రికలు చదివారు కదా, ఏఐ అంటే చాలావరకు ఆ మాత్రికల గుణకారమే, కోట్లలో. 1978లోనే స్టాన్‌ఫర్డ్‌లో జోసెఫ్ గుడ్‌మన్, ఇంకో ఇద్దరు దీన్ని కాంతితో చేయడం చూపించారు. చాలా తేలిక. ఒక బల్బు వెలుగు 0.8 అనుకోండి. ముందు సగం మసక గాజు పెట్టండి. బయటికొచ్చే వెలుగు 0.4. గుణకారం అయిపోయింది. రెండో బల్బు 0.6, దాని ముందు నాలుగో వంతు మాత్రమే దాటనిచ్చే గాజు. 0.15 వస్తుంది. రెండు వెలుగుల్నీ ఒకే సెన్సర్ మీద పడేయండి. 0.55. కూడిక కూడా అయిపోయింది. బల్బులు వరసగా, గాజులు గళ్లుగా, సెన్సర్లు నిలువుగా పేరిస్తే మాత్రిక మొత్తం ఒక్క దెబ్బకి గుణించేస్తుంది. 1985లో సాల్టిస్, ఫర్హాత్ అనే ఇద్దరు దీనితో చిన్న న్యూరల్ నెట్‌వర్కే నడిపించారు. 2003లో లెన్స్‌లెట్ అనే ఇజ్రాయెల్ కంపెనీ సెకనుకి 8 లక్షల కోట్ల లెక్కలు చేసే కాంతి ప్రాసెసర్ అని ప్రకటించింది. ఆ పేరు మీలో ఎంతమంది విన్నారు?

2017లో ఎంఐటీ వాళ్లు దీన్ని సిలికాన్ చిప్ మీదకి తెచ్చారు. మసక గాజుల బదులు కాంతిని రెండు దారులుగా చీల్చి, ఒక దారిని కాస్త వేడిచేసి తరంగాన్ని వెనక్కి నెట్టి, మళ్లీ కలుపుతారు. అలలు కలిసొస్తే వెలుగు, ఎదురొస్తే చీకటి. అలాంటివి 56 పెట్టి, నాలుగు అచ్చుల్ని గుర్తుపట్టమన్నారు. 76.7 శాతం సరిగ్గా చెప్పింది. అదే పని మామూలు కంప్యూటర్ 91.7 శాతం చేసింది.

ఎందుకా తేడా? కొంత తయారీ లోపాలు, కొంత వేడి పక్కకి పాకడం. దాని కింద ఇంకా లోతైన సంగతి ఒకటుంది. వెలుగుని సంఖ్యలా కొలవాలంటే ఫోటాన్లని లెక్కపెట్టాలి, ఆ లెక్కలో ఎప్పుడూ కాస్త ఊగిసలాట ఉంటుంది. ఖచ్చితత్వం ఒక్క బిట్ పెంచాలంటే కాంతి నాలుగు రెట్లు కావాలి. ఇంకో బిట్ అంటే పదహారు రెట్లు. డిజిటల్‌లో ఇంకో బిట్ అంటే ఇంకో తీగ, ఇంకొన్ని ట్రాన్సిస్టర్లు, అంతే.

2025లో అమెరికా కంపెనీ లైట్‌మ్యాటర్ నేచర్ పత్రికలో ఒక పేపర్ వేసింది. ఈసారి నిజమైన ఏఐ మోడళ్లు నడిపారు, ఖచ్చితత్వం ఎలక్ట్రానిక్ చిప్పులకి దగ్గరగా వచ్చింది. సెకనుకి 65.5 లక్షల కోట్ల లెక్కలు. చిన్న విషయం కాదు, నేను తీసిపారేయడం లేదు. కానీ అందులో నా కంట్లో పడిన అంకెలు వేరే ఉన్నాయి. కాంతికి 1.6 వాట్లు. ఎలక్ట్రానిక్స్‌కి 78 వాట్లు. ఆ ఎలక్ట్రానిక్స్ ఏం చేస్తోంది? అంకెల్ని వెలుగుగా మార్చడం, వచ్చిన వెలుగుని మళ్లీ అంకెలుగా మార్చడం, వాటిని మెమరీలో దాచడం, అందులోంచి తీయడం. విల్లో రన్‌లో ఫిల్ము కడిగిన చీకటిగది ఉంది చూశారా, అది ఇప్పుడు చిప్ లోపలికి వచ్చి కూర్చుంది. చాలా చిన్నదైంది, చాలా వేగం అయింది. కానీ పోలేదు.

అందుకే ఈసారి ఇలాంటి వీడియో వస్తే, వెయ్యి రెట్లు అన్నది లెన్స్ దాటే సమయం గురించా, అంకె లోపలికెళ్లి మళ్లీ అంకెగా బయటికొచ్చేదాకా పట్టే సమయం గురించా అని చూడండి. చాలావాటిలో రెండోది చెప్పరు.

"మా ఫోన్లోకి ఎప్పుడొస్తుందన్నా" అని అడిగినవాళ్లకి: లెక్కలు చేసే కాంతి చిప్ దగ్గర్లో అయితే రాదనే నా అంచనా. కాంతి తరంగం పొడవు ఒక మైక్రాన్‌కి కాస్త పైన. దాన్ని చీల్చి కలిపే ఒక్కో సర్క్యూట్‌కి పదుల నుంచి వందల మైక్రాన్ల చోటు కావాలి. ఆ చోట్లో వేలకి వేల ట్రాన్సిస్టర్లు పడతాయి. కాంతికి ఇప్పుడు గట్టి ఉద్యోగం దొరికింది డేటా సెంటర్లలో, అదీ లెక్కలు చేయడానికి కాదు, ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కి డేటా మోయడానికి. గూగుల్ తన ఏఐ చిప్పుల్ని కలపడానికి చిన్నచిన్న అద్దాలతో కాంతిని దారి మళ్లించే స్విచ్చులు ఇప్పటికే వాడుతోంది.

ఇక ఈసీఈ తమ్ముడికి. ఆ 78 వాట్లు చూశావుగా. అదంతా మీ బ్రాంచి పనే.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. చున్నీ ప్రయోగం చేసినవాళ్లు మీ గుడ్డకి చుక్కలు ఎలా పడ్డాయో ఫొటో తీసి పంపండి. ఫోన్ కెమెరా ముందు గుడ్డ పెట్టినా కనపడతాయి.